ఏమీ జరగని బడి

మా అక్క కూతురు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. హాస్టల్ నుంచి ఔటింగ్‌కి ఇంటికొచ్చిన రోజున తలంటుకుని, వాళ్ళమ్మ చేసిన పప్పుచారుతో కడుపునిండా తిని, మంచం మీద గోడకానుకుని ల్యాప్‌టాప్ తెరుస్తుంది. మొన్న వచ్చినప్పుడు నేనూ పక్కన చేరాను. తెర మీద కొమ్ముల పిల్లలూ తోకల పిల్లలూ తరగతి గదిలో గుంపుగా నిలబడి ఉన్నారు. బడి మొత్తం హడలిపోయే మాస్టారొకాయన, ఏ మంత్రం వికటించిందో, రెక్కలున్న బొచ్చు ముద్దగా మారిపోయి ఒక కుర్రాడి ముందు కోపంతో ఊగిపోతున్నాడు. పిల్ల పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ‘‘ఇందులో ఏం జరుగుతుందే?’’ అన్నాను. తెర మీంచి కళ్ళు తిప్పకుండానే, ‘‘ఏమీ జరగదు పిన్నీ. అందుకే చూస్తా’’ అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. కళ్ళెదుట ఇంత గోల జరుగుతోంటే ఏమీ జరగదంటుందేమిటి? మంత్రాలూ, రాక్షసులూ, మనిషి కాస్తా పిట్టయిపోవడమూ తన లెక్కలో జరగడం కిందికి రావా? మరి దేన్ని జరగడం అంటోంది? వారం వారం పెట్టే పరీక్షనా, మర్నాడు గోడకి అంటించే మార్కుల జాబితానా, ఆ జాబితాని బట్టి సెక్షన్ మారిపోయి, నిన్నటిదాకా పక్కన కూర్చున్న స్నేహితురాలు వేరే అంతస్తుకి వెళ్ళిపోవడమా? ఇవన్నీ దాన్ని అడగబుద్ధి కాలేదు. ఇంటికొచ్చేదే ఒక్క పూట, అందులోనూ కాలేజీ ఊసెందుకు? అడిగే బదులు, తను చూసేవే నేనూ చూడటం మొదలుపెట్టాను. మొదట్లో తన కోసం. తర్వాత తర్వాత నా కోసమే.

ఆ రోజు చూసింది ‘వెల్‌కమ్ టు డీమన్ స్కూల్, ఇరుమ-కున్’. ఒసాము నిషి 2017లో మొదలుపెట్టిన బొమ్మల కథ అది. 2019 అక్టోబరులో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె వారి విద్యా చానల్లో యానిమేగా, అంటే కదిలే బొమ్మల సిరీస్‌గా, వచ్చింది. ఇరుమకి పద్నాలుగేళ్ళు. కన్నవాళ్ళే వాణ్ణి ఒక రాక్షసుడికి అమ్మేస్తారు. కొనుక్కున్న సలివన్ అనే ముసలి రాక్షసుడు వాణ్ణి తినడు. తన ఈడువాళ్ళంతా మనవళ్ళ గొప్పలు చెప్పుకుంటున్నారనీ, తనకి మనవడే లేడనీ, వచ్చి మనవడిగా ఉండమనీ బతిమాలతాడు. తీసుకెళ్ళి తన అజమాయిషీలో ఉన్న బాబిల్స్ అనే బళ్ళో చేర్పిస్తాడు. అక్కడ వీడు మనిషన్న సంగతి బయటపడకూడదు. పడితే తోటి పిల్లలే తినేస్తారు. మొదటి రోజు సభలో అందరూ గొంతెత్తి పాడే బడిపాట కూడా మనుషుల్ని తినడం గురించే. కథంతా ఇలా భయపెట్టేలా మొదలవుతుంది గానీ ఇరుమకి మాత్రం ఆ బళ్ళో అన్నీ అపురూపమే. పసితనం నుంచీ కన్నవాళ్ళ కోసం నానా చాకిరీ చేసినవాడు, బడి ముఖం తిన్నగా చూడనివాడు. కొత్త యూనిఫాం, వేళకి అన్నం, ‘ఈరోజు బళ్ళో ఏం చేశావురా’ అని అడిగే తాత. వాడికి తారసపడ్డ అద్భుతాలు ఇవీ. మిగతావాళ్ళు రెక్కలు కట్టుకుని ఎగరడం ఆ ఊళ్ళో మామూలే.

అందులో క్లారా అనే పిల్ల కథ ఒకటుంది. ఒక్కసారి కంటితో చూసిన ఏ వస్తువునైనా జేబులోంచి తీసి ఇవ్వగలిగే విద్య ఆమెది. ఆటలంటే ప్రాణం, అలుపన్నది ఎరగదు. ఆమెతో ఆడటానికి ఎవరూ రారు గనక మిఠాయిలూ కూల్‌డ్రింకులూ తీసి ఇచ్చి ఆడించుకుంటూ ఉంటుంది. పిల్లలు వస్తారు, కావలసింది పుచ్చుకుంటారు, కాసేపు ఆడినట్టు చేసి వెళ్ళిపోతారు. ఆమె అడిగితే కాదనలేక ఇరుమ కూడా ఆడతాడు. పరుగెత్తి పరుగెత్తి, చెమటలు కక్కుతూ ఆడతాడు. తన గురించి తోటివాళ్ళు చాటుగా ఏమనుకుంటున్నారో క్లారా చెవిన పడ్డాక, ఏమీ ఇవ్వక్కర్లేదు, ఊరికే ఆడుకుందాం అంటాడు ఇరుమ. అంతే కథ. అక్కడ ఆ పిల్ల ముఖాన్ని ఎంత శ్రద్ధగా గీశారో! వింటున్నది నమ్మవచ్చా అన్న అనుమానం ముందు కళ్ళలోకి వస్తుంది, ఆ తర్వాతే సంతోషం. నేను ఆ భాగాన్ని ఆపి, వెనక్కి జరిపి మళ్ళీ చూశాను. మాయలు తెలిసిన పిల్లకి కూడా స్నేహం కొనుక్కోవలసి వస్తుందేమోనన్న దిగులు ఉంటుందని, ఆ దిగులు పోవడానికి ఏ మాయా పనికిరాదని, ఎవరో ఒకరు ఏమీ పుచ్చుకోకుండా రేపు కూడా వచ్చి కూర్చోవాలని ఇంత సరదా కథలో ఎలా ఇమిడ్చారు? ఏమీ జరగదన్న అమ్మాయి ఈ చోట నవ్వడం మానేసి దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

రాక్షసుల బడి మనకు పూర్తిగా కొత్తేమీ కాదు. ‘మాయాబజార్’ (1957) చూసి పెరిగిన ఇళ్ళు మనవి. చిన్నమయ, ఆయన శిష్యులు లంబూ జంబూలను చూసి నవ్విన వాళ్ళం. ఆ సినిమాలో మాయ యుద్ధానికి పనికొచ్చింది తక్కువ. పెళ్ళి వంటల దగ్గర, విడిదింటి మర్యాదల దగ్గర, కాలు పెడితే జరిగిపోయే కంబళి దగ్గర పనికొచ్చింది ఎక్కువ. దర్శకుడు కె.వి. రెడ్డి గారికి ఆ కిటుకు బాగా తెలుసు. అద్భుతాన్ని తెచ్చి ఇంటి పనుల మధ్య కూర్చోబెడితే అద్భుతమూ ముచ్చటగా ఉంటుంది, ఇంటిపనీ కొత్తగా కనిపిస్తుంది. అందుకే కాబోలు, ఈ జపాన్ బొమ్మలు మన పిల్లలకు పరాయివిగా అనిపించవు. 2005లో హంగామా చానల్లో ‘డోరేమాన్’ వచ్చిన దగ్గర్నుంచీ, తర్వాత తెలుగు మాటలతోనూ వినిపించిన దగ్గర్నుంచీ, భవిష్యత్తు నుంచి వచ్చిన నీలి పిల్లి నోబితా అనే ఒక మామూలు కుర్రాడి హోంవర్క్ కష్టాల్లో చిక్కుకోవడం మన హాల్లోనే, మన భోజనాల వేళలోనే జరుగుతోంది. ఆ తరం పిల్లలే ఇప్పుడు హాస్టళ్ళలో ఉన్నారు, కొందరు ఉద్యోగాల్లోకీ వచ్చేశారు. నోబితా మాత్రం ఇంకా ప్రాథమిక పాఠశాల దాటలేదు.

ఆ దాటకపోవడం దగ్గరే నా ఆలోచన చిక్కుకుంది. ఈ కథల్లో పిల్లలు ఎందుకు పెద్దవాళ్ళు కారు? గమనించి చూస్తే హైస్కూలు కథల్లో చాలామంది రెండో సంవత్సరంలోనే ఉంటారు. జపాన్లో హైస్కూలు మూడేళ్ళు. మొదటి ఏడాది అంతా కొత్త, బెరుకు. మూడో ఏడాది ప్రవేశ పరీక్షలు. అక్కడా సాయంత్రం బడి అయ్యాక ట్యూషన్ సెంటర్లుంటాయి, అక్కడా సీటు రాక మరో ఏడాది కూర్చుని చదివే పిల్లలుంటారు, మన లాంగ్‌టర్మ్ కోచింగ్ పిల్లల్లాగే. ఈ రెంటి మధ్యా దొరికే ఊపిరి రెండో ఏడాదే. క్లబ్బుల్లో తిరగవచ్చు, సాంస్కృతిక ఉత్సవానికి తోరణాలు కట్టవచ్చు, తరగతి గది తామే ఊడ్చుకుంటూ చీపుళ్ళతో కత్తియుద్ధం చేయవచ్చు. కథకులు ఆ ఏడాదిని పట్టుకుని వదలరు. వదిలితే ఏం వస్తుందో వాళ్ళకీ తెలుసు, చూసే పిల్లలకీ తెలుసు.

ఆ సంగతిని కథలోనే బాహాటంగా ఒప్పుకున్నవాడు షూయిచి అసో. 2012 నుంచి 2018 దాకా ‘షోనెన్ జంప్’ వారపత్రికలో వచ్చి, 2016లో యానిమే అయిన ఆయన ‘సైకి కె.’ నాకు వీటన్నిటిలో బాగా నచ్చింది. సైకి కుసువో అనే గులాబి జుట్టు కుర్రాడికి లేని శక్తి లేదు. 200 మీటర్ల దూరంలో ఎవరు ఏమనుకున్నా వాడికి వినబడుతుంది. నేరుగా చూస్తే మనుషులు రాయైపోతారని ఆకుపచ్చ అద్దాలు పెట్టుకుంటాడు. రెప్పపాటులో ఎక్కడికైనా వెళ్ళగలడు. ఇన్ని ఉన్నవాడు కోరేది ఒక్కటే: ఎవరి కంటా పడకుండా ఇంకో రోజు గడవడం, వీలైతే కాఫీ జెల్లీ ఒక కప్పు. వాడి చుట్టూ చేరే గుంపులో నెండో అని ఒక మొద్దబ్బాయి. వాడి బుర్రలో ఆలోచనే ఉండదు గనక సైకికి వాడి మనసు వినబడదు. లోకంలో అందరి గుట్టూ తెలిసినవాడికి, వెనకనుంచి వచ్చి భుజమ్మీద చెయ్యేసే అవకాశం ఒక్క నెండోకే ఉంది. సాయంత్రం బడి వదిలాక వాడు ‘రామెన్ తినడానికి పోదాం పద’ అంటాడు. సైకి లోపల్లోపల విసుక్కుంటూనే వెళతాడు. వాడి విసుగును నేను నమ్మను. అన్నీ ముందే తెలిసిపోయేవాడికి తెలియని మనిషి ఒకడు పక్కన నడుస్తుంటే ఎంత తెరిపిగా ఉంటుంది!

ఇక అసలు సంగతి. ఆ కథలో ఎన్ని ఎపిసోడ్లు గడిచినా వాళ్ళు రెండో సంవత్సరంలోనే ఎందుకున్నారో చివరికి దగ్గర పడుతుండగా చెబుతారు. ఏటా ఒక అగ్నిపర్వతం బద్దలై దేశం నాశనమయ్యే గండం వస్తుంది. దాన్ని ఆపడం చేతకాక సైకి ప్రతిసారీ కాలాన్ని ఒక ఏడాది వెనక్కి తిప్పేస్తున్నాడు. నిప్పుల కుంపటి మీద బడి నడుస్తోందన్నమాట, అటెండెన్స్ పిలుస్తున్నారు, టిఫిన్ డబ్బాలు విప్పుతున్నారు, ఎవరికీ తెలియదు. దాన్ని కూడా నవ్వులాటగానే చెప్పారు. నాకు మాత్రం చాలాసేపు నవ్వు రాలేదు. ఇంత శక్తీ ఖర్చయిపోతున్నది దేనికి? నెండో రేపు కూడా రామెన్‌కి పిలవడానికి. పిల్లల కథల్లో వీరులు రాజ్యాలు గెలవడం చదివాను, లోకాలు కాపాడటం చదివాను. ఒక సాదాసీదా సాయంత్రానికి కాపలా కాయడం కోసం కాలాన్నే మడతపెట్టినవాణ్ణి ఇక్కడే చూశాను. మా పిల్ల ఏమీ జరగదు అన్నప్పుడు బహుశా చెప్పబోయింది ఇదేనేమో. జరగకుండా ఎవరో చూసుకుంటున్నారు అన్న ధైర్యం.

అయితే తేలికగా కనిపించేదంతా తేలికగా తయారైంది కాదు. కెయిచి అరావి బొమ్మల కథ ‘నిచిజో’ని క్యోటో యానిమేషన్ వారు 2011లో 26 భాగాలుగా తీశారు. వీపున తాళంచెవి ఉన్న నానో అనే మరమనిషి పిల్ల, ఆమెను తయారుచేసిన ఎనిమిదేళ్ళ ప్రొఫెసరు, ఎర్ర స్కార్ఫు కట్టుకుంటే మాట్లాడే పిల్లి, వీళ్ళదొక ఇల్లు. కొంత దూరంలో ఒక హైస్కూలు. ఆ బడి ఆవరణలో ప్రిన్సిపాల్ గారు ఒక జింకతో మల్లయుద్ధం చేస్తూంటే యూకో అనే అమ్మాయి కిటికీలోంచి చూస్తుంది. ఎందుకు చేస్తున్నారని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. నానో కోరికల్లా బడికెళ్ళడం. అందరు అమ్మాయిల్లా ఉండడం. వీపు మీది తాళంచెవి ఎవరి కంటా పడకూడదని ఆమె పడే పాట్లు చూసి నవ్వు వస్తుంది, వెనువెంటనే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. పదిహేను పదహారేళ్ళ వయసులో దాచుకోవలసింది ఏదీ లేనివాళ్ళు ఎవరున్నారు?

అందులో భోజనాల గంట దృశ్యం ఒకటి. యూకో డబ్బాలో ఆక్టోపస్ ఆకారంలో కోసిన చిన్న సాసేజి ముక్క ఉంటుంది. అది జారిపోతుంది. నేల తాకేలోపు పట్టుకోవాలి. ఆ కొద్ది క్షణాలను మహాయుద్ధంలా సాగదీశారు. చాచిన చెయ్యి, బెంచీ అంచు, గాల్లో తిరుగుతున్న ఎర్రటి ముక్క, మిగతా ఇద్దరు స్నేహితురాళ్ళ ముఖాలు. ప్రతి కదలికకీ బరువుంది, ప్రతి వేలికీ పని ఉంది. చూస్తున్నంతసేపూ నాకు ఒకటే అనిపించింది: ఒక ముక్క సాసేజి కోసం ఎవరు ఇంతసేపు కూర్చుని గీశారు? ఆ పిల్లల రూపాలను దిద్దిన చిత్రకారుడు ఫుతోషి నిషియా. 2019 జూలై 18న క్యోటో యానిమేషన్ స్టూడియోకి ఒకడు నిప్పుపెట్టాడు. 36 మంది చనిపోయారు, వారిలో నిషియా ఒకరు. ఈ సంగతి తెలిశాక ‘కాలక్షేపం’ అన్న మాట వీటి గురించి నేను వాడలేకపోతున్నాను. పిల్లలు నవ్వాలని, పగలంతా రాత్రంతా వేళ్ళు నొప్పెట్టేలా గీసిన మనుషులు. జారిపడే మెతుకుకి కూడా విలువుందని నమ్మి పనిచేసిన మనుషులు. అంత శ్రద్ధ అందుకున్న క్షణాన్ని చిన్న క్షణమని ఎలా అనడం?

సందేహం లేకపోలేదు. ఎప్పటికీ రెండో సంవత్సరంలోనే ఉండిపోవాలనుకోవడం మంచిదేనా? ఈ సందేహాన్ని నాకంటే ముందు, నాకంటే గట్టిగా అడిగినవాడు మమోరు ఒషీ. రుమికో తకహాషి రాసిన ‘ఉరుసెయ్ యత్సురా’ ఆధారంగా 1984లో ఆయన తీసిన సినిమా ‘బ్యూటిఫుల్ డ్రీమర్’. లమ్ అనే గ్రహాంతర యువతి చదివే బళ్ళో మర్నాడు ఉత్సవం. పిల్లలు ఇళ్ళకు పోకుండా అక్కడే పడుకుని పనులు చేస్తున్నారు. తెల్లారితే మళ్ళీ ఉత్సవానికి ముందురోజే. మళ్ళీ అవే సుత్తి దెబ్బలు, అదే హడావుడి. అలిసిపోయిన మాస్టారొకాయన తన గదికి వెళ్ళి చూసుకుంటే ఏళ్ళ తరబడి ఎవరూ లేనట్టు దుమ్మూ బూజూ పేరుకుని ఉంటాయి. ఊరు శిథిలమైపోతుంది, దుకాణంలో సరుకులు మాత్రం నిండుగానే ఉంటాయి. ఇదంతా ఒక కల. స్నేహితులందరితో ఎప్పటికీ ఇలాగే ఉండిపోవాలని లమ్ కోరుకున్న కోరికే ఆ కల. అందమైన సినిమా, లోపల్లోపల చలి పుట్టించే సినిమా. ఉత్సవం కంటే ఉత్సవం ముందురాత్రే తీయగా ఉంటుందని బళ్ళో చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ రాత్రి తెల్లవారకపోతే మాత్రం అది ఉత్సవం ముందురాత్రి ఎలా అవుతుంది?

ఒషీ మాట కాదనలేను. అలాగని మా పిల్ల చేతిలోంచి ల్యాప్‌టాప్ లాక్కోనూ లేను. లమ్ కలగన్నది తన దగ్గర ఉన్నదాన్ని పోగొట్టుకోకూడదని. మా పిల్ల చూస్తున్నది తనకి ఇంతవరకూ రానిదాన్ని. దాని కాలేజీకి ఆటస్థలం లేదు. పొద్దున ఒక స్టడీ అవర్, రాత్రి ఒక స్టడీ అవర్. గోడల మీద ర్యాంకర్ల ఫొటోలు తప్ప ఇంకో బొమ్మ లేదు. తోరణాలు కట్టడానికి ఉత్సవమూ లేదు, ఉత్సవానికి ముందురాత్రీ లేదు. రానేరాని రెండో సంవత్సరాన్ని వదిలిపెట్టి ఎదగమని ఏ నోటితో చెప్పడం? జపాన్ బళ్ళు నిజంగా ఇలా ఉంటాయని అదేమీ భ్రమపడటం లేదు. ఈ కథల్లో పిల్లలు టిఫిన్ డబ్బాలు పట్టుకుని డాబా ఎక్కుతారే, నిజం బళ్ళలో చాలాచోట్ల ఆ తలుపుకి తాళమే ఉంటుందని నాకు చెప్పింది అదే. తాళం ఉందని తెలిసీ ఆ డాబా మీది గాలి కావాలనుకుంటోంది.

ఈ కోరిక దాని ఒక్కదానిదే కాదు. ట్రిగ్గర్ అనే స్టూడియో 2013లో, యువ చిత్రకారులకు తర్ఫీదు ఇచ్చే పథకం కింద ‘లిటిల్ విచ్ అకాడెమియా’ అని ఒక చిన్న చిత్రం తీసింది, దర్శకుడు యో యోషినారి. రెండో భాగం కాస్త పెద్దది చేయాలని 1,50,000 డాలర్లు కావాలంటూ జనాన్ని అడిగితే, 6,25,000 డాలర్లు దాటి వచ్చిపడ్డాయి. అందులోని అక్కోకి మంత్రవిద్యల వంశం లేదు, సహజమైన శక్తీ లేదు, బళ్ళో అందరికంటే వెనక. చీపురు మీద సొంతంగా నేల విడవడానికి 2017లో వచ్చిన టీవీ సిరీస్‌లో 25 భాగాలూ పడతాయి. ఆ లోపల ఆ పిల్ల సెక్షన్ మార్చిన వాళ్ళు లేరు. అదే గదిలో, అదే ఇద్దరు స్నేహితురాళ్ళతో, రోజూ కిందపడుతూ ఉండనిచ్చారు.

మన భాషలో ఇలాంటి కథ ఒకటి రావాలని నాకు గట్టిగా ఉంది. లంబు మునిమనవడు ఒకడు ఏ జిల్లా పరిషత్ హైస్కూల్లోనో ఎనిమిదో తరగతిలో చేరాలి. మధ్యాహ్న భోజనంలో ఇచ్చే ఒక్క గుడ్డూ వాడికి ఏ మూలకీ చాలక ఆకారం పెరిగిపోతూ ఉండాలి, పక్క పిల్ల తన గుడ్డు వాడి పళ్ళెంలో వెయ్యాలి, డ్రిల్లు మాస్టారు వాణ్ణి వరసలో ఎక్కడ నిలబెట్టాలో తెలియక తల పట్టుకోవాలి. మన దగ్గర బొమ్మలు గీసే కుర్రాళ్ళకు కొదవలేదు, అల్లరి రాయగలిగిన కలాలకూ లేదు. ఎవరైనా పూనుకుంటే మొదటి పాఠకురాలిని నేను, రెండోది మా అక్క కూతురు. మా ఇద్దరి తరఫునా ఒక్క విన్నపం: ఆ కుర్రాణ్ణి ఏ పోటీలోనూ మొదటి బహుమతికి పంపించకండి.